జోసిమార్ నోట బెంసా

నా బావమరిది జోసిమార్‌ని మా ఊరంతా పొగరుబోతు అనుకునేది. చర్చి ఫాదర్ ఎదురైనా, పోలీసాయన ఎదురైనా, శవాన్ని మోసుకుపోయేవాళ్ళు ఎదురైనా వాడి నోట ఒకటే మాట, "ఓపా!" పొద్దున్న అందరూ "బోమ్ దియా" అంటారు. మధ్యాహ్నం "బోవా తార్దీ" అంటారు. దీపాలు పెట్టాక "బోవా నోయితీ" అంటారు. వీడికి మాత్రం మూడు పూటలా ఓపాయే. గోడలెక్కి తిరిగే కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే మాట అది. ఫాదర్ ఒకసారి మా ఆవిడ లిందాల్వాని వీధిలో ఆపి, "అమ్మా, మీ తమ్ముడికి కాస్త మర్యాద నేర్పించకూడదూ?" అని అడిగారు కూడా.

వాడికి మర్యాద లేక కాదు, నత్తి. ఏ అక్షరం దగ్గరైనా కాళ్ళకి అడ్డం పడుతుంది గానీ, 'బ' దగ్గరికొస్తే పూర్తిగా కూలబడిపోతాడు. పెదాలు రెండూ అతుక్కుపోతాయి, మెడ నరాలు ఉబ్బుతాయి, ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోతుంది. మా పలకరింపులన్నీ ఆ పాడు 'బ'తోనే మొదలాయె! ఆ అవస్థ ఎదుటివాడు చూడకముందే ఓపా అనేసి తప్పుకునేవాడు. అరటిపళ్ళు కావాలంటే 'బనానా' అనాలి గనక, పళ్ళ బండి దగ్గర మామిడిపళ్ళు కొనుక్కొచ్చేవాడు. చిన్నప్పుడు మా ఆవిడ అందుకు తగువాడేది. "అరటిపళ్ళు తెమ్మంటే మామిడిపళ్ళు తెస్తావేరా, చెవుడా?" అని.

పలకరింపుల్ని తప్పించుకోవచ్చు. పళ్ళు మార్చి కొనుక్కోవచ్చు. తప్పించుకోలేని 'బ' ఒకటుంది. బెంసా.

మావైపు నిద్ర లేచినా, పడుకోబోతున్నా, ఊరికి బయల్దేరుతున్నా పెద్దవాళ్ళ చెయ్యి ముద్దుపెట్టుకుని, "బెంసా, నాన్నా" అనాలి. అంటే దీవించు అని. "దేవుడు నిన్ను దీవించాలి" అని ఆయన అంటాడు. అంతే, ఒక్క నిమిషం పని. కానీ అడగందే ఎవరూ ఇవ్వరు. ఇంకో మాట పెట్టి అడగడానికీ లేదు. బెంసా తీసుకోకుండా గడప దాటినవాడు, ఎంత దూరం పోయినా వీపుమీద ఏదో చలిగాలి కొడుతున్నట్టే నడుస్తాడు.

నేను లిందాల్వా మొగుణ్ణి, ఎరివాల్దోని. మా ఊరికీ కాంపీనా గ్రాందీ పట్నానికీ మధ్య వ్యాను తోలుతాను. నా నోరు ఊరుకోదని ఊరందరికీ తెలుసు. ఎక్కిన ప్రతివాడితోనూ మాట్లాడతాను, వాడు చెప్పబోయేది కూడా నేనే చెప్పేస్తాను. జోసిమార్‌తో అది మరీ ఎక్కువ. వాడు "నాకు కా-కా" అంటే, "కాఫీ కావాలి, అంతేగా" అని కప్పు చేతిలో పెట్టేవాణ్ణి. ఇంట్లో అందరం అంతే. సాయం చేస్తున్నామనే అనుకునేవాళ్ళం.

వాళ్ళ నాన్న ఒటసీలియో, మా మామ. మేకల బేరగాడు. ఎక్కువ మాట్లాడడు. కొడుకు నత్తితో తంటాలు పడుతుంటే ముఖం గోడవైపు తిప్పుకుని గుడ్డ ఉయ్యాలలో అలా ఊగుతూ ఉండేవాడు. కొడుకు మొహం చూడ్డం కూడా ఆయనకి ఇష్టం లేదని మేమంతా అనుకున్నాం. జోసిమార్ మరీ గట్టిగా అనుకున్నాడు.

జోసిమార్‌కి పద్దెనిమిదేళ్ళప్పుడు కాంపీనా గ్రాందీలో ఒక రొట్టెల దుకాణంలో పని దొరికింది. బయల్దేరే రోజున ఇంటినిండా మేకల బేరగాళ్ళు. నాకు అప్పటికి లిందాల్వాతో పెళ్ళి ఖాయమైంది. నేనూ వరండాలోనే ఉన్నాను. వాడు పెట్టె కింద పెట్టి, ఉయ్యాల దగ్గర వంగి, మామ చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు.

"బ్... బ్... బ్..."

ఒక బేరగాడు తొడ చరుచుకున్నాడు. "ఇంజను వేడెక్కలేదురోయ్! ఎవడన్నా వెనకనించి తొయ్యండి!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. జోసిమార్ మెడంతా కందిపోయింది. కన్ను మూసుకుపోయింది. మామ గోడవైపే చూస్తూ ఉన్నాడు కాసేపు. తర్వాత గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చాల్లే. వెళ్ళు."

వాడు పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. జూన్‌లో మంటలు వేసే సావ్ జువావ్ పండక్కి వచ్చేవాడు, క్రిస్మస్‌కి వచ్చేవాడు. వంగేవాడు, చెయ్యి ముద్దుపెట్టుకునేవాడు, మౌనంగా లేచేవాడు. ఆయనా మౌనంగానే ఉండేవాడు. ఇలా ఇరవై ఏళ్ళ పైమాటే. వాడి తల నెరిసింది, దుకాణం వెనక బట్టీ దగ్గరే ఒళ్ళు కాగిపోయింది, పెళ్ళి మాట ఎత్తితే నవ్వేసి ఊరుకున్నాడు. లిందాల్వా మాత్రం ఏటా తండ్రిమీద ఎగిరేది. "ఆ ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోయింది నాన్నా? వాడు చెయ్యి ముద్దుపెట్టుకున్నాడుగా!"

"అడగనీ," అనేవాడు మామ.

"చూశావా, రాతిగుండె!" అని ఆవిడ వంటింట్లోకొచ్చి నామీద అరిచేది. మామగారిమీద కోపాలు అల్లుడిమీద తీర్చుకోవడం మా ఇంట్లో ఆచారం.

తర్వాత మామకి చక్కెర జబ్బు ముదిరి రెండు కళ్ళూ పోయాయి. అత్త అంతకుముందే పోయింది గనక, ఉయ్యాలతో సహా ఆయన్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. కొన్నాళ్ళకి మూత్రపిండాలు కూడా పాడయ్యాయి. మతి కూడా ఒకచోట నిలిచేది కాదు. నన్ను చచ్చిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచి మేకలు తోలుకురమ్మనేవాడు. ఈసారి పండగ మంటలదాకా ఉండడం కష్టమేనని డాక్టరు చెప్పేశాడు.

ఆ సంగతి చెప్పడానికి నేను కాంపీనా వెళ్ళాను. జోసిమార్ వ్యానులో నా పక్క సీట్లో కూర్చుని అంతా విన్నాడు. చేతులకి అంటిన పిండి గిల్లుకున్నాడు.

"న-నాన్న పోయేలోపు ఒక్కసారి అ-అ-అడగాలి. నోరారా."

"అడుగు మరి, ఎవరొద్దన్నారు?"

"వస్తేగా!"

అప్పుడు చెప్పాడు సంగతి. వాళ్ళ దుకాణంలో రొట్టెలు కొనే రెజాని అనే ఆవిడ విశ్వవిద్యాలయంలో మాట డాక్టరట. పెద్దవాళ్ళ నత్తికి తలమీద సన్నటి కరెంటు పెట్టి చూసే పరిశోధన ఒకటి చేస్తోందట. చేరమని వీణ్ణి ఎన్నాళ్ళుగానో అడుగుతోంది, వీడు ఓపా అని తప్పుకుంటున్నాడు.

"తలకి కరెంటా?" నేను బ్రేకు వెయ్యకుండానే అదిరిపడ్డాను. "ఒరేయ్, మా పక్కింటి మేక కరెంటు తీగ కొరికి ఏమైందో నీకు తెలీదూ?"

మర్నాడు వాడితోపాటు నేనూ వెళ్ళాను. వాడిమీద ప్రేమ కొంత, మేక భయం కొంత. రెజాని నా మేక కథ శ్రద్ధగా విని, నవ్వు బిగపట్టుకుని చెప్పింది.

"ఇది టార్చిలైటు బ్యాటరీ పాటి కూడా ఉండదు ఎరివాల్దో గారూ. కొంచెం చుర్రుమంటుంది, తర్వాత అదీ తెలీదు. మాటని కూర్చే చోట మెదడు కాస్త తడబడుతుంటే, దానికి ఈ కరెంటుతో కొంచెం ఊతమిచ్చి, అదే సమయంలో మాట్లాడిస్తాం. ఊరికే కరెంటు పెడితే ఏం లాభం లేదు. మాట్లాడుతూ ఉండాలి." తర్వాత వాడివైపు తిరిగింది. "జోసిమార్, ముందే చెప్తున్నాను. కొందరికి తగ్గుతుంది, కొందరికి అసలు తగ్గదు. తగ్గినా కొన్ని వారాలకి మళ్ళీ రావచ్చు. ఆశ పెట్టి మోసం చెయ్యను."

"కొ-కొన్ని వారాలు చ-చాలు," అన్నాడు వాడు.

ఒక వారంపాటు రోజూ వెళ్ళాడు. ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు. ఒకటి ఎడమ కణత పైన, ఇంకోటి కుడి కనుబొమ పైన, వాటిని పట్టి ఉంచడానికి ఒక రబ్బరు పట్టీ. ఉప్పునీళ్ళు చెవి వెనకనించి కాలరులోకి కారుతుంటే, వానలో తడిసిన పెళ్ళికొడుకులా కూర్చునేవాడు. నేను అద్దం కిటికీ అవతల బెంచీమీద. రెజాని ఒక పుస్తకం ముందు పెట్టి, వాడితో కలిసి పైకి చదివేది. ఇద్దరూ ఒకే గొంతుగా చదువుతుంటే వాడి మాట నల్లేరుమీద బండిలా సాగిపోయింది. నేను లేచి నిలబడ్డాను. నత్తి ఉన్నవాళ్ళు ఇంకొకళ్ళతో కలిసి చదివితే నత్తి రాదట, అది కరెంటు మహిమ కాదట, ఆవిడే చెప్పింది. కష్టమంతా తర్వాత ఉంది. ఆవిడ గొంతు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయి, మధ్యలో వాడి చెయ్యి వదిలేసేది. మొదట్లో వదలగానే పడిపోయేవాడు. వారం చివరికొచ్చేసరికి ఆవిడ ఆగిపోయినా వాడు ఆగలేదు. వాన ఎప్పుడొస్తుందో, మొక్కజొన్న ఎలా నాటాలో ఏవేవో చదివాడు. మధ్యలో 'బ'లు ఎన్నో దొర్లాయి. ఒక్కటీ వాణ్ణి పట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఊరికి బయల్దేరాం. పెట్రోలు బంకులో వాడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, బంకులో పనిచేసే ఆవిడతో అన్నాడు.

"బోవా తార్దీ, అమ్మా."

ఆవిడ తలైనా ఎత్తకుండా, "బోవా తార్దీ. ఎంత కొట్టమంటారు?" అంది.

అంతే! లోకంలో అందరికీ రోజూ జరిగేదే. వాడు మాత్రం సీట్లో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వి నవ్వి ఏడ్చాడు. కొంచెం దూరం పోయాక పళ్ళ బండి దగ్గర వ్యాను ఆపించి, "బనానా ఇవ్వండి" అని అడిగి సగం గెల కొన్నాడు. దారంతా తింటూనే ఉన్నాడు. నా వ్యానంతా తొక్కలే.

తిననప్పుడల్లా సాధన. "బెంసా, నాన్నా. బెంసా, నాన్నా." నెమ్మదిగా, ఒకే తూకంలో, రెజాని నేర్పినట్టు. రేడియోలో వార్తలు చదివే మనిషిలా ఉంది గొంతు. నాకు అది మా జోసిమార్ గొంతులా లేదని ఒక క్షణం అనిపించింది. బాగుంది గదా అనుకున్నాను.

మేం వెళ్ళేసరికి మామ ముందుగదిలో ఉయ్యాలలో ఉన్నాడు. లిందాల్వా స్పూనుతో మొక్కజొన్న గంజి పట్టిస్తోంది. ఆయన ఎంత చిక్కిపోయాడంటే ఉయ్యాలలో మనిషి ఉన్నాడో దుప్పటి ఉందో తెలీడం లేదు. జోసిమార్ మోకాళ్ళమీద కూర్చుని, ఆయన చెయ్యి తీసుకుని ముద్దుపెట్టుకున్నాడు.

"బెంసా, నాన్నా."

నీళ్ళు పోసినట్టు వచ్చింది మాట. లిందాల్వా స్పూను గాల్లోనే ఆగిపోయింది.

మామ తల ఇటు తిప్పాడు. "ఎవరు నాయనా?"

"నేనే నాన్నా. జోసిమార్‌ని."

మామ సన్నగా నవ్వాడు. "జోసిమారా? ఎవరబ్బాయివి నువ్వు? మావాడి పేరు నీకెవరు చెప్పారు?"

"వాడే నాన్నా, తమ్ముడే!" లిందాల్వా గిన్నె కింద పెట్టేసింది. "కాంపీనాలో డాక్టరమ్మ నత్తి తగ్గించింది. విన్నావా, ఎంత చక్కగా అడిగాడో! దీవించు నాన్నా."

"నువ్వూరుకో. నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. మావాడు ఇట్లా మాట్లాడడు."

"మామా, నేను చెప్తున్నాను, వాడే," అన్నాను నేను.

"నువ్వు చెప్తే అసలే నమ్మను. నీ నోట నిజం ఎప్పుడొచ్చింది గనక!"

జోసిమార్ ఆయన చెయ్యి వదల్లేదు. అమ్మ పేరు చెప్పాడు, చిన్నప్పుడు పెంచుకున్న మచ్చల మేక పేరు చెప్పాడు, కాలు విరిగినప్పుడు ఆయన తనని భుజాన వేసుకుని నడిచిన దారి చెప్పాడు. ఎక్కడా తడబడకుండా, అదే తూకంలో. చెప్పేకొద్దీ మామ ముఖంలో అనుమానమే పెరిగింది. "ఊళ్ళో అందరికీ తెలిసినవే ఇవన్నీ," అన్నాడు.

అప్పుడు వాడు చేసిన పని తల్చుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. నత్తిగా మాట్లాడబోయాడు. పెదాలు బిగించాడు. "బ్... బ్... బెంసా." నలభై ఏళ్ళు వద్దన్నా వచ్చి మీద పడింది, పిలిస్తే రాలేదు. వచ్చింది దానికి నకలు. వీధిలో కుర్రాళ్ళు వాడి వెనకపడి వెక్కిరించేవాళ్ళు చూడండి, అచ్చం ఆ కూత.

మామ గబుక్కున చెయ్యి లాక్కున్నాడు. ఉయ్యాలలోంచి లేవబోయాడు, లేవలేక పక్కకి ఒరిగాడు.

"నా ఇంటికొచ్చి నా కొడుకునే వెక్కిరిస్తావురా!" ఆ ఎముకలగూడులోంచి అంత గొంతు ఎలా వచ్చిందో. "ఆ రోజు కూడా మీలాంటి వెధవలే నవ్వారు. పిల్లాడు అందరిముందూ అల్లాడిపోతుంటే చూడలేక నేనే వెళ్ళమన్నాను. చాల్లే అన్నాను! అప్పట్నించీ అడగడం మానేశాడు నా తండ్రి. మీరంతా వాడి నోట్లో మాట లాక్కునేవాళ్ళు. నేనెప్పుడన్నా లాక్కున్నానా? నా మొహం చూస్తే వాడికి ఇంకా కష్టమవుతుందని గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎంతసేపు పట్టినా వాడే అనాలి, నేను వినాలి. ఫో బయటికి! మావాడొచ్చే వేళకి నువ్వు ఇక్కడుండకు!"

జోసిమార్ లేచాడు. తలుపుదాకా వెనక్కి వెనక్కి నడిచాడు. వంటింట్లోకెళ్ళి పొయ్యి దగ్గర నేలమీద కూర్చుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

మామ కాసేపటికి ఆయాసం తీర్చుకుని కూతురితో అన్నాడు. "లిందా, వాడొస్తే తొందరపెట్టకండి. మాట అందించకండి. నేను మేలుకునే ఉంటాను."

ఆ తర్వాత రోజులన్నీ జోసిమార్ ఆయన దగ్గరే ఉన్నాడు. తుడిచాడు, తిప్పాడు, నీళ్ళు తాగించాడు. నోరు మాత్రం విప్పలేదు. విప్పితే నున్నటి మాట వస్తుంది, ఆయన పొమ్మంటాడు. జీవితంలో మొదటిసారి ఏ మాటైనా అనగలిగిన మనిషి, ఒక్క మాటైనా అనకుండా ఆ ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. మామ వాణ్ణి పక్కింటివాడు ఎవరో అనుకున్నాడు. ఒకసారి ఆ చేతిని తడుముతూ, "నువ్వెవరివో గానీ మంచివాడివి నాయనా," అన్నాడు. "మావాడొచ్చేసరికి నాకు కునుకు పడితే, కాస్త లేపుతావా?" జోసిమార్ ఆ చేతిని గట్టిగా నొక్కాడు. లిందాల్వా చేతిలో తువ్వాలు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తింది.

మామ అలా ఎదురుచూస్తూనే పోయాడు. ఆఖరిదాకా తలుపువైపే చెవి.

శవాన్ని సమాధుల దగ్గర దింపాక ఫాదర్ వచ్చారు. జోసిమార్ టోపీ తీసి, "బోవా తార్దీ, ఫాదర్," అన్నాడు. ఫాదర్ వాడి భుజం తట్టి, లిందాల్వాతో మెల్లిగా అన్నారు. "మీ తమ్ముడికి మర్యాద వచ్చిందమ్మా. మీ నాన్న ఉండి చూస్తే సంతోషించేవారు." మా ఆవిడ ఆయన్నేమన్నా అంటుందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను.

నత్తి మళ్ళీ వచ్చేసింది. మొదట 'క' దగ్గర, తర్వాత 'న' దగ్గర, చివరికి 'బ' దగ్గర పాత చోటుకి వచ్చి కూర్చుంది. రెజాని నాకు ఫోను చేసింది. ఇంకో విడత పెట్టి చూద్దామని, వాడికి బాగా పట్టిందని, పంపించమని. నేను వ్యాను తీసుకుని దుకాణానికి వెళ్ళాను. వెనక బట్టీ ముందు కూర్చుని వాడు రొట్టెలు తీస్తున్నాడు.

"రారా, వెళ్దాం. మళ్ళీ బాగవుతుంది. నీకింకా వయసుంది, నీ బతుకు నువ్వు బతకొద్దూ?"

వాడు తల అడ్డంగా ఊపాడు. చేతిలో ఉన్న రొట్టెల పార గోడకి ఆనించాడు. చెప్పడం మొదలుపెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి, కన్ను మూసుకుపోయింది. వాడు ఏమనబోతున్నాడో నాకు సగంలోనే తెలిసిపోయింది. అందించలేదు. గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

"ప-పైకెళ్ళాక మళ్ళీ అ-అడగాలిగా బ్... బ్... బావా. ఈసారైనా న-నాన్న గు-గు-గుర్తుపట్టొద్దూ?"